గోడెక్కే సైకిళ్ళు!

“ఒరేయ్, ఎముకలు కొరికే చలిలో సైకిలు తొక్కితే నీకు జీతం పెంచుతారా, ప్రమోషనిస్తారా?” అని ఫోన్లో మావాణ్ణి నిలదీశాను. వాడు నవ్వేశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకు ముందు ఏడాది చలికాలంలో వాడు మంచు పట్టిన రోడ్డు మీద జారిపడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలిసిందెప్పుడనుకున్నారు? రెండు నెలల తర్వాత! అదీ కోడలు మాటల్లో నోరు జారితే!

మావాడు బెల్జియం దేశంలో గెంట్ అనే ఊళ్ళో ఇంజనీరు. ఉద్యోగం చాలదన్నట్టు వాడికి సైకిలు పందేల పిచ్చి పట్టుకుంది. డబ్బు కోసం తొక్కేవాడేం కాదు. వారమంతా ఆఫీసులో పనిచేసి, శనాదివారాల్లో సరదాకి తొక్కే అమెచ్యూర్. సరదాకి ఎముకలు విరగ్గొట్టుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు. అందుకే కిందటి చలికాలం చివర్లో ఆవకాయ, కందిపొడి, అరిసెలతో పాటు ఒక గట్టి నిర్ణయం కూడా మూటగట్టుకుని విమానం ఎక్కాను. చేతిలో చెయ్యి వేయించుకుని, “ఇక పందేలకి వెళ్ళను” అని ఒట్టు పెట్టించుకోవాలి. అదీ నా పథకం.

గోడ అని పేరున్న వీధి

బెల్జియం ఉత్తర భాగాన్ని ఫ్లాండర్స్ అంటారు. అక్కడివాళ్ళు మాట్లాడేది డచ్చి భాష. మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి సైకిలు పందెం అలాగ. ‘టూర్ ఆఫ్ ఫ్లాండర్స్’ అనే పెద్ద పందెం 1913లో మొదలైంది. ఇప్పటికీ ఏటా ఏప్రిల్ మొదట్లో ఆ పందెం నాడు జనం తిండీ తిప్పలూ రోడ్డు పక్కనే పెట్టుకుంటారట. ఆడవాళ్ళకీ 2004 నుంచి విడిగా పందెం పెట్టారు. ఆ ప్రాంతం అమ్మాయే లోట్టె కొపెకీ 2022, 2023, 2025 సంవత్సరాల్లో గెలిచింది. ఆమె ఫోటో పక్కింటి గోడ మీద కూడా చూశాను!

నేను వెళ్ళిన వారానికి, ఫిబ్రవరి చివరి ఆదివారం నాడు, కోడలు నన్ను గెరార్డ్స్‌బెర్గెన్ అనే ఊరికి తీసుకెళ్ళింది. గెంట్ నుంచి రైల్లో సుమారు గంట. 1068లోనే పట్టణంగా హక్కుపత్రం పొందిన పాత ఊరు. ఊరి మధ్య నుంచి కొండ మీదికి ఒక రాళ్ళబాట పోతుంది. దాని పేరు ‘మ్యూర్’. అంటే గోడ అని అర్థం. పేరు పెట్టినవాళ్ళు అబద్ధం చెప్పలేదండీ! మొత్తం కిలోమీటరు దూరమే గానీ, కొన్నిచోట్ల వంద అడుగులు ముందుకు వేస్తే ఇరవై అడుగులు పైకి లేస్తుంది. రొట్టెల్లా పరిచిన గుండురాళ్ళు, వాటి మధ్య నాచు, పైన తడి. చెప్పులతో నడిచే నాకే మోకాళ్ళు పట్టేశాయి. తిరుపతి మెట్లెక్కినట్టు ఆగి ఆగి ఎక్కాను. పైన మేరీమాత చిన్న గుడి ఉంది. “అత్తయ్యా, దీని మీదే సైకిళ్ళెక్కిస్తారు” అంది కోడలు. నేను ఆ గుడి వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. ఏ దేవతైతేనేం, పిల్లల్ని కాచే తల్లే కదా!

ఆ రోజు అక్కడ పండగ. పాతకాలం వేషాలు వేసుకుని జనం ఊరేగింపుగా కొండెక్కారు. పైనుంచి ‘క్రాకెలింగెన్’ అనే ఉంగరాల్లాంటి చిన్న రొట్టెల్ని దోసిళ్ళతో జనం మీదికి విసిరారు. పదివేల దాకా విసురుతారట. చీకటి పడ్డాక అదే కొండ మీద పీపా తగలబెట్టి చలికాలానికి వీడ్కోలు చెప్పారు. 2010లో యునెస్కో ఈ పండగని తన జాబితాలో చేర్చుకుంది. ఆ మంట చూస్తే నాకు మన భోగిమంట గుర్తొచ్చింది. మనకి శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. వాళ్ళూ అలాగే పంపించేశామనుకుంటారు. కానీ అక్కడి చలికి చెవులున్నట్టు లేవు. మర్నాటి నుంచీ ఇంకాస్త పెరిగింది!

అన్నట్టు, ఆ ఊరి ‘మాట్టెన్ టార్ట్’ గురించి చెప్పకపోతే మీరు నన్ను క్షమించరు. పచ్చిపాలు కాచి, మజ్జిగ పోసి విరగ్గొడతారు. ఆ విరుగుడు వడగట్టి, గుడ్డు, పంచదార, బాదంపప్పు కలిపి, పొరలు పొరలుగా ఉండే పిండి గిన్నెలో పెట్టి కాలుస్తారు. మన పాలకోవాకీ పఫ్‌కీ పెళ్ళి చేస్తే పుట్టిన బిడ్డలా ఉంటుంది. చుట్టుపక్కల పొలాల్లో ఆవుల పాలతో చేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలని రక్షణ కూడా ఉంది. నేను రెండు తిన్నాను. మూడోది సంచీలో వేసుకున్నాను!

పందెం ముందు వంటిల్లు

ఆ తర్వాతి శనివారమే మావాడి పందెం. దగ్గర్లోని ఒక పల్లెటూళ్ళో. ముందు రాత్రి వాడి సరంజామా చూస్తే పెళ్ళికి తరలి వెళ్తున్నట్టుంది. ఒంటికి అంటుకుని ఉండే ఉన్ని బనీను, దాని మీద ఇంకోటి, ఆపైన గాలి చొరని చొక్కా. బూట్ల మీద రబ్బరు తొడుగులు. చేతి తొడుగుల లోపల నేను అంట్లకి వాడే లాంటి పల్చటి రబ్బరు గ్లౌజులు! కాళ్ళకి రాసుకోవడానికి మన అమృతాంజనంలా మండే లేపనం. పాతకాలం పందెగాళ్ళు కొండ దిగేటప్పుడు చొక్కాలో వార్తాపత్రిక దోపుకునేవాళ్ళట, గుండెకి గాలి కొట్టకుండా.

“మూడు డిగ్రీలే కదా, అంత హడావిడెందుకు?” అన్నాను. “అమ్మా, గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ మూడు డిగ్రీలే సున్నాకి కింద మూడులా తగుల్తాయి. బట్టలు తడిస్తే ఇంకా ఘోరం. గాలి కంటే నీళ్ళు ఒంట్లో వేడిని చాలా తొందరగా లాగేస్తాయి” అన్నాడు. నా గుండె జారిపోయింది. ఆ మాటన్నాక ఊరుకోకుండా, 1980లో లియేజ్ పందెంలో మంచు కురిస్తే 174 మంది బయల్దేరి 21 మందే చేరారనీ, గెలిచిన బెర్నార్ ఈనో అనే ఆయన వేళ్ళు ఆనాటి చలికి శాశ్వతంగా దెబ్బతిన్నాయనీ కూడా చెప్పాడు. మంచు వల్ల అక్కడి పెద్ద పందెం ఒకటి 1986లో, 2004లో రద్దయిందట. రద్దు చేసినవాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి!

తినడానికి ఏం పట్టుకెళ్తావంటే, “అన్నం” అన్నాడు. ఇదెక్కడి విడ్డూరం అనుకున్నాను. నిజమేనండీ! పందెగాళ్ళు అన్నాన్ని మెత్తగా తీపిగా వండి, పళ్ళెంలో అదిమి, ముక్కలు కోసి, అల్యూమినియం కాగితంలో చుట్టి వీపు జేబుల్లో పెట్టుకుంటారు. చలిలో నోరెండిపోతే పొడి బిస్కట్లు గొంతు దిగవు, తడిగా ఉన్న అన్నం ముక్క దిగుతుంది. సరే, ఈ విద్యలో నాకెవరు పాఠం చెప్తారు? గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళూ ఒక గ్లాసు పాలూ పోసి మెత్తగా ఉడికించాను. అర గ్లాసు బెల్లం తురుము కరిగించి వడగట్టి, దించాక కలిపాను. చిటికెడు ఉప్పు, ఒక చిదిమిన అరటిపండు వేశాను. రెండంగుళాల మందాన అదిమి చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దున్నకి బర్ఫీలా తెగింది. ఆపాలని వచ్చినదాన్ని దగ్గరుండి కట్టిపెట్టాను, చూశారా నా బుద్ధి!

పిన్నీసులతో నంబరు

పందెం ఒక కాఫీ హోటల్లాంటి చోట మొదలైంది. అక్కడే పేరు రాయించుకుని, నంబరు కాగితం తీసుకుని, నాలుగు పిన్నీసులతో చొక్కాకి గుచ్చుకోవాలి. కోడలి చేతులు వణుకుతుంటే నేనే గుచ్చాను. వాడు నర్సరీకి వెళ్ళే మొదటి రోజు జేబు రుమాలు ఇలాగే గుచ్చి పంపాను.

ఊరి చుట్టూ ఏడు కిలోమీటర్ల బాట, పన్నెండు చుట్లు. అరవై మంది దాకా ఉన్నారు. ప్లంబరు, బడిపంతులు, రొట్టెల కొట్టాయన, మా ఇంజనీరు. జనం కంటే వాళ్ళ ఇంటివాళ్ళే ఎక్కువమంది రోడ్డు పక్కన నిలబడ్డారు. నా పక్కన మావాడి పొరుగింటి పెద్దావిడ. డెబ్భై దాటుంటాయి. ఆవిడ భర్త ఒకప్పుడు తొక్కేవాడట, ఇప్పుడు మనవడు తొక్కుతున్నాడు. రెండు ఫ్లాస్కులు, నాలుగు తువ్వాళ్ళు, ఒక గడియారం. “చుట్టుకి పదకొండు నిమిషాలు. పన్నెండయితే చూస్తాను, పదమూడయితే నడిచి వెళ్తాను” అందని కోడలు నాకు తెలుగులో చెప్పింది. ఆవిడ ఈ ఉద్యోగం యాభై ఏళ్ళుగా చేస్తోంది. దానికి బహుమతీ లేదు, పిన్నీసులతో గుచ్చుకునే నంబరూ లేదు.

నాలుగో చుట్టుకి వాన మొదలైంది. ఆరో చుట్టుకి అది వడగళ్ళతో కలిసిన మంచుగా మారింది. సైకిళ్ళ గుంపు వస్తుంటే వర్షంలో రైలు వచ్చిన చప్పుడు. మొహాల నిండా బురద, అందరూ ఒకేలా ఉన్నారు. కన్నకొడుకుని సాక్సు రంగుని బట్టి గుర్తుపట్టాల్సి వచ్చింది! ఒక్కొక్కళ్ళే తప్పుకుంటున్నారు. ఒక కుర్రాడు దిగి నిలబడ్డాడు, చొక్కా జిప్పు లాక్కోలేకపోయాడు. పెద్దావిడ వెళ్ళి, ఎవరని అడక్కుండా, జిప్పు తీసి తువ్వాలు కప్పింది.

తొమ్మిదో చుట్టులో మావాడు నా ముందుకొచ్చి కాలు కింద పెట్టాడు.

“అమ్మా, వేళ్ళు బ్రేకు పట్టుకోవడం లేదు. ఇంకా తొక్కితే నేను పడతాను, నాతో పాటు నలుగుర్ని పడేస్తాను” అన్నాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. హెల్మెట్ పట్టీ తనంతట తాను తీసుకోలేకపోతే గడ్డం కింద నేనే తీశాను. పెద్దావిడ నేర్పినట్టు ముందు తడిబట్టలు మొత్తం విప్పించి, తుడిచి, పొడివి తొడిగి, తలకి ఉన్నిటోపీ పెట్టాం. చేతుల్ని కారు హీటరుకి ఆనించనివ్వలేదు. మొద్దుబారిన చర్మానికి కాలినా తెలియదట. పంచదార ఎక్కువ వేసిన వేడి టీ గుక్క గుక్కగా నేనే తాగించాను. ఆగిపోయాక కూడా కాసేపు ఒంట్లో వేడి తగ్గుతూనే ఉంటుందట. “వణికితే భయపడకు. ఒళ్ళు చల్లగా ఉండగానే వణుకు ఆగిపోయినా, మాట ముద్దగా వచ్చినా అప్పుడు భయపడాలి, వెంటనే డాక్టర్ని పిలవాలి” అంది పెద్దావిడ. ఇరవై నిమిషాలు వణికాడు. నేను ప్రతి నిమిషం ఏదో ఒకటి అడిగి మాట వింటూనే ఉన్నాను.

అరవై మందిలో పందెం పూర్తిచేసింది ఇరవై మందే. “ఓడిపోయానమ్మా” అన్నాడు వాడు. నా మనసు మాత్రం అప్పటికే వేరే లెక్క వేస్తోంది.

ఒట్టు

ఆ రాత్రి వంటింట్లో వాణ్ణి కూర్చోబెట్టాను. ఏం అడగబోతున్నానో వాడికీ తెలుసు. తల దించుకున్నాడు. నా నోట్లోంచి మాత్రం నేననుకున్న మాట రాలేదు. వేడి నెత్తికెక్కిన ఆటలో, చుట్టూ అందరూ తొక్కుతుంటే, ఇక చాలని తనంతట తాను దిగిన పిల్లాణ్ణి పొద్దున కళ్ళారా చూశాను. వాడికి ఆ బుద్ధి ఉందా లేదా అన్నదే కదా నా బెంగంతా!

“రెండు ఒట్లు పెట్టు” అన్నాను. “ఇవాళ దిగినట్టే ఎప్పుడూ దిగాలి. ఇది ఒకటి. పడితే, ఆ రోజే నాకు చెప్పాలి. ఇది రెండు.”

“రెండోది కష్టమమ్మా. అంత దూరంలో కూర్చుని నువ్వేం చెయ్యగలవని...”

“ఏమీ చెయ్యలేను. తెలుసుకోగలను. రెండు నెలలు నీ చెయ్యి కట్టులో ఉంటే, నేనిక్కడ నవ్వుతూ పేరంటాలకి వెళ్ళాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుందిరా.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చేతిలో చెయ్యి వేశాడు. వేళ్ళింకా కొంచెం చల్లగానే ఉన్నాయి.

నేను తిరిగొచ్చిన నెలకి ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ మోగింది. “అమ్మా, వంపులో జారాను. మోచెయ్యి గీసుకుపోయింది, ఇంకేం లేదు” అని ఫోటో కూడా పంపాడు. ఎర్రగా, అరచెయ్యంత గాయం. చూసి కడుపు తరుక్కుపోయింది. పసుపు రాయరా అంటే అక్కడ ఆయింట్‌మెంట్ ఉందన్నాడు. కాసేపు తిట్టాను. అయితే ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది!