తేదీ మీద అంటించిన కాగితం

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా మీ అనుభవం ఏదైనా రాసి పంపండని వార్డెన్ సార్ కబురు చేశారు. పైకొచ్చిన కథలు రాసేవాళ్ళు ఎలాగూ ఉంటారు. మేము నలుగురం మాత్రం మా తప్పు ఒకటి రాస్తున్నాం. మన హాస్టల్ వరండాలో తెలుగు సినిమా చరిత్ర చార్టు ఒకటి చాలాకాలం వేలాడింది. అందులో ఒక తేదీ మీద తెల్ల కాగితం అంటించి ఉండేది. అదెందుకని అడిగిన తమ్ముళ్ళకు ఇదే జవాబు.

మేము హైదరాబాదులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతుండగా నలుగురికీ కలిపి ఒక ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చారు. మద్రాసు నుంచి హైదరాబాదుకు తెలుగు సినిమా ఎలా వచ్చిందనేది విషయం. ఇరవై పేజీలు రాయాలి. ఆ విషయం మేమే కోరి తీసుకున్నాం. మాలో ఒకడి చిన్నాన్న ఫిలింనగర్ బస్తీలో ఉంటూ స్టూడియోల్లో లైట్‌మన్‌గా పనిచేసేవాడు. ఆయన దగ్గరికి వెళితే హీరోలు కనబడతారని మా ఆశ. దాచుకోవడమెందుకు, ఉన్నమాట అదే. హీరోలు కనబడలేదు. జూబ్లీహిల్స్‌లో పెద్దపెద్ద గేట్లు కనబడ్డాయి, వాటి వెనక కుక్కల అరుపులు వినబడ్డాయి.

నెలరోజులు లైబ్రరీల చుట్టూ తిరిగి దొరికిందల్లా జిరాక్సు తీయించాం. సబ్బులకు, నూనెకు దాచుకున్న డబ్బులు కూడా దానికే పోయాయి. ఒక రేకుపెట్టె నిండింది. పెట్టె నిండితే రిపోర్టు అయిపోయినట్టే అనుకున్నాం. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, ఏ కాగితంలో ఏముందో నలుగురిలో ఎవరికీ తెలియదు.

అప్పుడు మాకు దారి చూపింది మాలో ఒకడి అన్నయ్య పాఠ్యపుస్తకాలు. ఆయన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బి.ఎ. చదివేవాడు. జూబ్లీహిల్స్‌లోనే ఉన్న ఆ విశ్వవిద్యాలయం 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది. దేశంలో సార్వత్రిక విశ్వవిద్యాలయాలన్నిటిలోకీ అదే మొదటిది. 1991లో అంబేద్కర్ గారి పేరు పెట్టారు. పనిచేసుకుంటూ ఇంట్లో చదువుకునేవాడికి పక్కన పంతులు ఉండడు గదా. అందుకని ఆ పాఠాల్లో ముందే ఏం నేర్చుకోబోతున్నామో చెబుతారు, విషయాన్ని చిన్నచిన్న భాగాలు చేస్తారు, చివర సారాంశం ఇస్తారు. దాన్ని చూసి మేమూ మా సమాచారాన్ని చీటీల మీద రాసి, పుస్తకాల వారీగా కాకుండా ప్రశ్నల వారీగా నేల మీద పరిచాం. ఎప్పుడు వచ్చింది, ఎందుకు వచ్చింది, ఎవరు పనిచేశారు. ఫ్యాను ఆపేసి చెమటలు కక్కుతూ రెండు రాత్రులు ఆ పని చేశాం. ఆన్ చేస్తే చరిత్రంతా మంచాల కిందికి ఎగిరిపోయేది.

అలా పరిస్తే ఒక లాభం కనబడింది. గొడవపడే చీటీలు పక్కపక్కకు వచ్చాయి. అన్నపూర్ణ స్టూడియో 1975 అని ఒకటి, 1976 అని ఇంకొకటి. వెతికితే రెండూ నిజమేనని తేలింది. శంకుస్థాపన 1975లో, ప్రారంభోత్సవం 1976 జనవరిలో. ఇది పట్టుకున్నందుకు మమ్మల్ని మేమే మెచ్చుకుని ఆ రాత్రి ఇరానీ చాయ్ తాగొచ్చాం.

అసలు గండం గొడవపడని చీటీల దగ్గర ఉంది. తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఐదు పుస్తకాల నుంచి తీసిన ఐదు చీటీలు. ఐదూ ఒకటే మాట చెబుతుంటే ఇంకేం చూస్తాం? రిపోర్టు మొదటి పేజీలో పెట్టాం. అదే సమయంలో మన హాస్టల్ వార్షికోత్సవానికి చార్టు గీసి పంపమంటే, దాని మీదా ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి పంపాం.

మా మేడం రిపోర్టు తెరిచి ఆ తేదీ మీద వేలు పెట్టారు.

"ఇది మీకెవరు చెప్పారు?"

"ఐదు పుస్తకాల్లో ఉంది మేడం."

"ఐదుగురూ చూసి రాశారా, ఒకరు రాస్తే నలుగురు చూసి రాశారా?"

మా దగ్గర జవాబు లేదు. ఆవిడ మా జిరాక్సుల కట్టే తెప్పించుకుని అందులోంచి ఒక వ్యాసం బయటికి తీశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ గారి పరిశోధన గురించిన వ్యాసమది. ఆ సినిమాకు బొంబాయిలో సెన్సారు సర్టిఫికెట్టు వచ్చింది 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. సెన్సారు కాని బొమ్మ హాలుకెక్కదు. మరి నాలుగు నెలల ముందే ఎలా విడుదలవుతుంది?

సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే ఆ వ్యాసానికి కూడా మేము చీటీ రాశాం. పాత తేదీని "ఇంతకాలం అనుకుంటూ వచ్చారు" అని చెప్పే భాగం దగ్గరే మావాడు చదవడం ఆపాడు. చీటీ చిన్నది గనుక "అనుకుంటూ వచ్చారు" తీసేశాడు. మిగిలింది తేదీ. మా ఐదు చీటీల్లో ఒకటి అదే! వాణ్ణి తిట్టడానికీ లేదు. మిగతా ముగ్గురం అలాంటివి ఇంకెన్ని మింగామో చూసుకోవడానికి వారం పట్టింది.

ఒక్క తేదీ కదలగానే వరుసంతా కదిలింది. తమిళంతో పాటు తెలుగు మాటలూ ఉన్న కాళిదాస్ 1931 అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. మా పేజీలో అది ప్రహ్లాద తర్వాత ఉంది. ఇప్పుడు ముందుకు రావాలి. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి గారే గనుక ఆయన గురించి రాసిన పేరా కూడా తిరగరాశాం.

మేడం ఇంకొకటి అడిగారు. "ఆ లైట్‌మన్ గారు చెప్పింది మూడు లైన్లేనా?"

చిన్నాన్న మాకు ఒక ఆదివారమంతా చెప్పాడు. పాత ఆర్క్ లైట్లలో కార్బన్ కడ్డీలు కాలి అరిగిపోతుంటే పక్కన నిలబడి సర్దుతూ ఉండాలని, ఆ బరువులు మోసుకుంటూ సెట్టు పైన వేసిన చెక్కల మీద ఎలా నడవాలో, కింద అన్నం బండి వచ్చినా పైవాడు ఎందుకు దిగలేడో చెప్పాడు. స్టూడియోల తేదీలు అడిగితే మాత్రం, "అవి నాకు తెల్వదు బిడ్డా, నా పేరు మీద రాయకుండ్రి" అన్నాడు. తనకు తెలిసిందేదో, తెలియనిదేదో ఆయన అంత స్పష్టంగా వేరుచేసి చెప్పాడు. మేమేమో ఆయన చూసింది కొట్టేసి, ఎవరూ చూడని తేదీని ఎర్ర ఇంకుతో రాశాం. చదువుకోని మనిషి మాట రిపోర్టులో బాగుండదని మాలో ముగ్గురం అన్నాం. నాలుగోవాడు, వాళ్ళ చిన్నాన్నే అయినా, ఏమీ అనలేదు. అందరం హాస్టల్ పిల్లలమే, మా నాన్నలు కూడా అలాంటి పనులు చేసేవాళ్ళే. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రాదు.

రెండోసారి రిపోర్టులో ఆయనకు నాలుగు పేజీలు వచ్చాయి. రాసింది తీసుకెళ్ళి చదివి వినిపించాం. ఒకచోట ఆపి, లైటు పేరు తప్పు రాశామని దిద్దించాడు. మార్కులు మామూలుగానే వచ్చాయి, గడువు దాటింది గదా.

ఫిలింనగర్‌లోని తెలుగు ఫిలిం ఛాంబర్ వారు 2025లో ఫిబ్రవరి 6ను తెలుగు సినిమా దినోత్సవంగా జరిపారని చదివినప్పుడు నలుగురం ఫోన్లు చేసుకున్నాం.

చార్టు దిద్దడానికి వార్షికోత్సవానికి ముందురోజు బస్సెక్కి మన హాస్టల్‌కు వచ్చాం. అప్పటికే తొమ్మిదో తరగతి పిల్లలు పాత తేదీని నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్ళి కొట్టేయించాం. కొత్త చార్టు గీసే టైము లేక, తెల్ల కాగితం ముక్క మీద సరైన తేదీ రాసి మైదాపిండి జిగురుతో అంటించాం. కింద ఏముందో చూడాలని చిన్నపిల్లలు దాని మూలను గోటితో లేపుతూనే ఉన్నారు.