మిగిలిన ఒక్క డ్రాపు

చేబ్రోలులో మా పిన్ని వాళ్ళ వసారాలో వేసవి మధ్యాహ్నాలు పేకాటతోనే గడిచేవి. అన్నాలై, అంట్లు తోమేశాక సాయంత్రం కాఫీల దాకా ఆడవాళ్ళకు దొరికే రెండు గంటలవి. పందెం చింతగింజలు. డబ్బు పెట్టి ఆడేది బాబాయి, క్లబ్బులో.

మాది 201 ఆట. ముక్కలు చూసి మొదట్లోనే డ్రాపు చెపితే 25 పాయింట్లు, మధ్యలో చెపితే 50, ఆడి ఓడితే 80 దాకా. 201 చేరితే అవుట్. బుద్ధిగా చదువుకునే పిల్లని కాబట్టి పేకలోనూ జాగ్రత్తే నాకు. చేతిలో జోకరు లేని సీక్వెన్సు లేదా, డ్రాపు. 145, 170, 195. ఇక డ్రాపు కూడా లేదు, కంపల్సరీ. ఎంత చెత్త ముక్కలొచ్చినా ఆడాల్సిందే.

"మంచి ముక్కల కోసం కూచుంటే అవి వచ్చేసరికి నువ్వుండవే" అనేది పిన్ని. 145లో ఓ మాదిరి చెయ్యితో ఆడి ఓడినా 55 పాయింట్ల సందుంటుంది. 195లో ఐదే. పైగా నువ్వు ఆటలో నిలబడితే 170లో ఉన్న పక్కావిడ భయపడి డ్రాపు చెప్పొచ్చు. అందరూ చెపితే ఆట నీదే.

పోకర్ టోర్నమెంట్ల గురించి చదివినప్పుడు ఇదే లెక్క కనపడి నవ్వొచ్చింది. అక్కడ ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టాల్సిన పందెం పెరుగుతూ పోతుంది. చేతిలో దానికి పదింతలే మిగిలితే కూచోవడమంటే కరిగిపోవడమే. ఎవరో పెట్టిన పందేనికి ఒప్పుకోవడం కన్నా ముందుగా తనే ఉన్నదంతా పెట్టడం మేలట, ఎదుటివాళ్ళు వదిలేసే అవకాశముంటుంది కనక.

సికింద్రాబాదు క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యమున్న ఆటగా తేల్చింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి అని. ఎవరు ఏ ముక్క వేశారో పిన్నికి చివరిదాకా గుర్తుండేది. అయినా ఇంట్లో అందరి దృష్టిలో బాబాయిది ఆట, ఆవిడది కాలక్షేపం.

పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరంన్నర పిన్ని పేరున ఉండేది. బాబాయి అప్పులకి అరెకరం, మళ్ళీ అరెకరం ఆమె సంతకాలతోనే పోయాయి. సర్దుకుపోతే ఇల్లు నిలుస్తుందన్నారు అందరూ, మా అమ్మమ్మతో సహా. మూడోసారి కాగితాలు తెచ్చేసరికి మేం ఆటలో ఉన్నాం. పిన్ని ముక్కలు బోర్లా పెట్టి లేచింది. "పెట్టను" అనడం వసారాలోకి వినపడింది. తిరిగొచ్చి "ఎవరి వంతు?" అంది. చేతులు వణుకుతున్నాయి.

రెండు నెలలు ఆ ఇంట్లో మాటల్లేవు. అరెకరం మాత్రం మిగిలింది. కౌలు డబ్బులు ఇప్పటికీ ఆమె చేతికే వస్తాయి.

పేకనూ పొలాన్నీ ఇలా ముడిపెట్టడం నా సాహిత్యపు చదువు తెచ్చిన అలవాటేమో. మొన్న వెళ్ళినప్పుడు పిన్నితో ఆ మాటే అన్నాను. చింతపండు పిసుకుతూ విని, "అంతొద్దులే. ఎకరంన్నర ఉన్నప్పుడే అనాల్సింది" అంది.