నాన్న చదివిన పేజీ

2008. డిగ్రీ రోజులు. హన్మకొండలో మా ఇంట్లో రెండు కంప్యూటర్లు, నత్తలా నడిచే నెట్‌. మూలనపడ్డ పాత కంప్యూటర్లో ‘స్క్విడ్‌’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ వేశాను. కాకతీయులు వాననీటిని చెరువుల్లో ఆపినట్టే, ఒకరు తెరిచిన పేజీని అది దాచుకుంటుంది. రెండోవారు అడిగితే తన దగ్గరిదే ఇస్తుంది. నెట్‌ భారం తగ్గుతుంది.

పనిలో పనిగా, ఎవరేం తెరిచారో చిట్టా కూడా రాస్తుంది. ఎలా పనిచేస్తోందో చూద్దామని తెరిచాను. నాలుగు రాత్రులుగా నాన్న కంప్యూటర్‌ నుంచి ఒకటే విషయం... గుండె ఆపరేషన్‌!

పొద్దున్నే అడిగాను, ‘‘నాన్నా, డాక్టర్‌ దగ్గరికి పోదామా?’’

ఎలా తెలిసిందని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. చిట్టా మాత్రం ఆ రోజే ఆపేశాను.

ఇప్పుడు చాలా సైట్లకు హెచ్‌టీటీపీఎస్‌ తాళం ఉంది. మామూలుగా స్క్విడ్‌కు సైటు పేరే తప్ప లోపలి పేజీ కనిపించదు. నాన్న సంగతి ఇప్పుడు నేనే అడిగి తెలుసుకుంటున్నాను.