మూడూ పదింటి రైలు

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా అబ్బాయి, నాకు కౌబాయ్ చిత్రాలంటే ఉన్న పాత పిచ్చి ఎరిగినవాడు గనక, ఒకే కథను యాభై ఏళ్ళ ఎడంతో తీసిన రెండు చిత్రాలను వరసగా రెండు రాత్రులు చూపించాడు. పేరు ‘త్రీ టెన్ టు యూమా’. 1957లో డెల్మర్ డేవ్స్ తీసినది ఒకటి, 2007లో జేమ్స్ మాంగోల్డ్ తీసినది ఒకటి. రెండింటికీ మూలం ఎల్మోర్ లెనర్డ్ 1953లో ఒక పత్రికకు రాసిన చిన్న కథ.

కథ సులువైనదే. ఆరిజోనాలో అనావృష్టి. పశువులకు నీళ్ళు లేవు, రైతు డాన్ ఇవాన్స్ చేతిలో డబ్బు లేదు. బెన్ వేడ్ అనే గజదొంగ బండిని దోచుకుంటూంటే, ఇద్దరు కొడుకులూ చూస్తుండగా ఊరుకోక తప్పలేదతనికి. ఆ దొంగే పట్టుబడితే, అతణ్ణి యూమా జైలుకు పోయే 3:10 రైలెక్కించడానికి 200 డాలర్లకు ఒప్పుకుంటాడు. దొంగ ముఠా వెంటాడుతూ ఉంటుంది.

పాత చిత్రం గొప్పదనమంతా ఒక హోటలు గదిలో ఉంది. గ్లెన్ ఫోర్డ్ మంచం మీద పడుకుని, అల్లుడు కట్నం బేరమాడినంత తాపీగా, వదిలేస్తే ఇంత ఇస్తాను, అంత ఇస్తాను అంటూ ఉంటాడు. కుర్చీలో తుపాకీ పట్టుకున్న వాన్ హెఫ్లిన్‌కు చెమటలు పడుతూంటాయి. చివరకు పనికి పెట్టుకున్న బండ్ల యజమానే, ‘డబ్బు ఎలాగూ ఇస్తాను, వెళ్ళిపో’ అన్నా వెళ్ళడు. ప్రాణం కాపాడిన రుణం తీర్చుకుంటూ దొంగే రైలులోకి దూకుతాడు, రైతూ బతుకుతాడు. వాన మొదలవుతుంది. వెతుక్కుంటూ వచ్చిన భార్య బండిలో తడుస్తూ నిలబడుతుంది.

కొత్తది అరగంట పెద్దది. కాల్పులూ ఎక్కువే. క్రిస్టియన్ బేల్ వేసిన రైతుకు యుద్ధంలో కాలు పోయింది. అదీ తనవాళ్ళ గుండు తగిలే. పిల్లలకు చెప్పుకోవడానికి ఒక్క ఘనకార్యం లేదని అతని బాధ. పద్నాలుగేళ్ళ పెద్దకొడుకు దొంగను మెచ్చుకుంటూ వెంటపడి వస్తాడు. వాడి కళ్ళముందే తండ్రి రైలుదాకా తీసుకెళ్ళి, వెన్నులో గుళ్ళు తగిలి చనిపోతాడు. రసెల్ క్రో తన ముఠానే కాల్చేసి, తనంత తనే రైలెక్కుతాడు.

“కొత్తదే బాగుంది నాన్నా. ఆ తండ్రి ఎలాంటివాడో కొడుకుకి తెలిసింది” అన్నాడు మావాడు.

“తెలియడానికి చచ్చిపోవాలా?” అన్నాను, కాస్త గట్టిగానే.

ఆ గట్టితనానికి కారణం ఉంది. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు రైల్లో వెళుతున్నాం. నలుగురు కుర్రాళ్ళు ఒక ముసలాయన్ని కాలర్ పట్టుకుని సీటులోంచి లేపేశారు. పెట్టె నిండా జనం. నేను కిటికీలోంచి తాటిచెట్లు చూస్తూ కూర్చున్నాను. వాడు తాటిచెట్లు చూడలేదు, నన్ను చూశాడు.

పాత చిత్రాన్ని నేనెందుకు వెనకేసుకొస్తున్నానో అప్పుడు అర్థమయింది. అందులో ధైర్యానికి వాన బహుమతి. ధైర్యం చేసినవాడు ఇంటికీ వస్తాడు. కొత్తదానిలో ధైర్యానికి ఖరీదు కట్టారు. ఆ ఖరీదు నాకు భయం. ముప్ఫై ఏళ్ళ క్రితమూ భయమే.

“ఆ రైలు సంగతి గుర్తుందట్రా?” అని అడిగాను.

“ఏ రైలు?” అన్నాడు వాడు. కానీ ఏ రైలో చెప్పేదాకా ఆగలేదు. మంచినీళ్ళ కోసమని లేచి వెళ్ళాడు.

మా ఆవిడ రెండూ చూసింది. “ఏమండీ, రెంటిలోనూ ఆ పెళ్ళాం వద్దన్నది కదా! ఒక్కడూ వినడేం?” అంది, దీపం ఆర్పుతూ.

మావాడు నీళ్ళు తాగి వచ్చి, నా గ్లాసు కూడా నింపి పక్కన పెట్టాడు.