మాట రాని పిల్లవాడు

1981లో ఆస్ట్రేలియాలో జార్జ్ మిల్లర్ తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్ 2’ను మా కోహీర్ తండాల కుర్రాళ్లు బండ్ల ఛేజింగుల కోసం చూస్తారు. నాకు మాత్రం అందులోని పిల్లవాడే గుర్తుండిపోయాడు. లోకం పాడైపోయింది, పెట్రోలు కోసం మనుషులు చంపుకుంటున్నారు. ఆ పిల్లవాడికి మాట రాదు. గుర్రుమంటాడు, ఇనుప బూమరాంగ్ విసురుతాడు. చివర్లో తెలుస్తుంది, మొదటినుంచీ కథ చెబుతున్న ముసలి గొంతు అతనిదేనని. అతనే పెరిగి తెగకు నాయకుడయ్యాడు.

సినిమా తీసింది బ్రోకెన్ హిల్ దగ్గర. అది విల్యకలి ఆదివాసుల నేల. బూమరాంగ్ ఆదివాసులదే. కానీ ముఖ్య పాత్రల్లో ఆదివాసి ఒక్కరూ లేరు. వస్తువును తీసుకున్నారు, మనిషిని వదిలేశారు. సినిమా పాటల్లో మన అద్దాల రవికె కనిపిస్తుంది, మన మాట వినిపించదు. ఇదీ అంతే.

లోకం కూలడం మనకు కొత్త కాదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన బిడారుల బతుకు రోడ్లు, రైళ్లు వచ్చాక కూలిపోయింది. ఆపైన తెల్లదొరల చట్టం మనలో ఎందరికో నేరస్థుల ముద్ర వేసింది. అయినా ఈ ఎర్రనేలల్లో జొన్న, కంది వేసుకుని మళ్లీ నిలబడ్డాం.

ఆ కథ మన యాడీలకు గోర్ బోలీలో తెలుసు. సొంత లిపి లేకపోతేనేం, తెలుగు అక్షరాల్లో రాసుకుందాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు అడిగి వినండి. సార్లూ, టీచరమ్మలూ, తరగతిలో నోరు విప్పని తండా పిల్లను మొద్దు అనకండి. ఇంటి బాసలో చెప్పమనండి. రేపు మన కథ చెప్పేది ఆ పిల్లే కావచ్చు.