మా పల్నాటికి వచ్చువారికి

గుంటూరు సోదరీమణులు సైతము పల్నాడనగానే ఎండను, రాళ్లను తలంతురు. ఉత్తరమున కృష్ణయే హద్దైన మా సీమ 2022లో వేఱు జిల్లా యయ్యెను గాని, ఎండ మాత్రము తగ్గలేదు. కావున కార్తిక మాఘముల నడుమ రండు. మాఘమున దారి పొడవున మిరపకల్లములు కన్నుల పండువుగా నుండును. ఆ ఘాటునకు పసిబిడ్డలు ఉక్కిరిబిక్కిరి యగుదురు. తడికొంగు సిద్ధముగా నుంచుకొనుడు.

గుంటూరు నుండి మాచెర్లకు రైలు కలదు. అచ్చటినుండి బస్సులో విజయపురి సౌత్ చేరి నాగార్జునకొండకు లాంచి యెక్కవలెను. గాలిని, నీటిమట్టమును ముందే విచారించుకొనుడు. శుక్రవారము మ్యూజియము తెఱువరు.

ఎత్తిపోతల జలపాతమును చూచి మరలిపోవువారు పెక్కుమంది. అది చాలదు. సాగరము క్రింద మునిగిన లోయను 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి, కొన్ని కట్టడములను నేడు ద్వీపమైన కొండపైకిని, అనుపునకును తరలించిరి. ఆ లోయలో మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధము చేయగా, ఆయన సోదరి చాంతిశ్రీ బౌద్ధులకు మహాచైత్యము నెత్తించెను. అన్న మతము అన్నది, చెల్లెలి మతము చెల్లెలిది! రాచబిడ్డ కాని బోధిశ్రీ యను నుపాసిక సింహళ భిక్షువులకు చైత్యగృహము కట్టించి, ఆ పుణ్యమును భర్తకును, తల్లిదండ్రులకును, తోబుట్టువులకును పంచినట్లు శాసనము వ్రాయించినది. యుద్ధములకే పేరొందిన మా సీమలో వీరిని తలచువారు తక్కువ. గైడు చెప్పకున్న మీరే యడుగుడు.

జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి మూటగట్టుకొని పొండు. ద్వీపముపై భోజనము దొరకునని నమ్ముకొనరాదు.