మా ఇంటి పాతాళ గుహ

మా మనవడూ వాడి స్నేహితులు ముగ్గురూ ఆదివారాలు మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతారు. 1974లో అమెరికాలో పుట్టిన ఆట. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు వీరులు. కత్తి దెబ్బ తగిలిందో లేదో 20 ముఖాల పాచిక చెబుతుంది. ఈసారి గుహ గీసే పని నాకిచ్చారు.

గ్రాఫ్ పేపర్ మీద గడికి 5 అడుగులు. రైల్వేలో పనిచేసినవాణ్ణి, లూప్ లైన్ లేకుండా గీస్తానా! ఒక దారి మూసుకుపోతే చుట్టుదారి ఉంటుంది.

లోకం మాత్రం చందమామది. నాది తమిళ మీడియం కాబట్టి దాసరి సుబ్రహ్మణ్యంగారి 'పాతాళదుర్గం' లాంటి సీరియళ్లు అంబులిమామలోనే చదివాను. చిత్రాగారి బొమ్మలు రెండింట్లోనూ అవే. తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక మా ఆవిడ నేర్పింది.

గుహ చివర మాంత్రికుడున్నాడు. ఎంత కొట్టినా చావడు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరులాగా వాడి ప్రాణం చిలకలో ఉంది. "మా రూల్సు పుస్తకంలో లిచ్ కూడా ఇంతే తాతా, ప్రాణం పెట్టెలో దాచుకుంటాడు" అన్నాడు మనవడు. పెట్టె కంటే చిలకే నయం, అరుస్తుంది.

ఆ చిలక ఎక్కడుందో గుహ గోడ మీద తెలుగులో రాశాను. నలుగురిలో ఒక్కడికీ తెలుగు చదవడం రాదు. తమిళంలో రాయమన్నారు. రాయనన్నాను. రెండు వారాలుగా ఆ గోడ దగ్గరే ఉన్నారు. క, ఖ, గ, ఘ ఇన్నెందుకు, తమిళంలో ఒక్కటే కదా అని వాళ్ల నానమ్మను సతాయిస్తున్నారు. ఆవిడ అక్షరం చెబుతుంది, మాట చెప్పదు.

మొన్నటికి మూడు మాటలు తేలాయి. నాలుగో మాటలో ఒత్తు దగ్గర తగువు నడుస్తోంది.